కొత్త ఇంటికి ఫ్లోరింగ్: టైల్స్ కొనకముందు నుంచి గ్రౌట్ ఆరేదాకా

ఇల్లు కట్టుకునేవాళ్లలో చాలామంది నేల గురించి మొదటిసారి గట్టిగా ఆలోచించేది టైల్స్ షోరూంలో నిలబడ్డాకే. అక్కడ లైట్ల కింద మెరిసేదాన్ని చూసి నచ్చేసి, అడ్వాన్సు ఇచ్చేసి వస్తారు. గోడ రంగు నచ్చకపోతే వచ్చే ఏడాది మార్చుకోవచ్చు, కర్టెన్లు ఎప్పుడైనా మార్చుకోవచ్చు, కానీ నేల మార్చాలంటే సామాన్లన్నీ బయటపెట్టి, స్కర్టింగ్ (గోడ అడుగున నేలకి ఆనించి వేసే పట్టీ) ఊడబీకి, తలుపులు దించి, ఇల్లంతా దుమ్ము చేసుకోవాలి. ఆ అవసరం రాకుండా ఉండాలంటే మీ శ్రద్ధలో ముప్పావు వంతు టైల్ కింద ఉండేదాని మీద పెట్టండి. పైన కనిపించేదానికి మిగతా పావు వంతు చాలు.

ఈ మాట నేను మా ఇంటి హాల్లో నేర్చుకున్నాను. ఫ్లోరింగ్ వేసిన రెండేళ్లకి ఒక మధ్యాహ్నం తుపాకీ పేలినట్టు శబ్దం వచ్చింది, పరిగెత్తి చూస్తే హాలు మధ్యలో నాలుగు టైల్స్ ఒకదానికొకటి ఆనుకుని పైకి లేచి గుడారంలా నిలబడ్డాయి. ఒకటి తీసి తిరగేశాను. వెనకవైపు కొత్త డబ్బాలోంచి తీసినంత శుభ్రంగా ఉంది, ఒక్క సిమెంటు రేణువు కూడా అంటుకోలేదు, వెనక ఉండే గీతల్లో ఫ్యాక్టరీ నుంచి వచ్చిన తెల్లటి పొడి వేలితో రాస్తే చేతికి వచ్చింది. టైల్‌కీ టైల్‌కీ మధ్య సందు లేదు, గోడ దగ్గరా సందు లేదు. చూడటానికి అతుకు కనపడకుండా ఎంత బాగుందో అని అప్పట్లో నేనే మెచ్చుకున్నాను. ఇది మీకు జరగకూడదనే ఇంత వివరంగా రాస్తున్నాను.

మొదట గది గది తిరిగి రాసుకోండి

షాపుకి వెళ్లేముందు కాగితం, టేపు పట్టుకుని ఇల్లంతా ఒకసారి తిరగండి. ప్రతి గదికీ నాలుగు విషయాలు రాసుకోండి: అక్కడ నీళ్లు పడతాయా, నేరుగా ఎండ తగులుతుందా, రోజూ ఎంత నడక ఉంటుంది, బరువైన సామాను లాగుతారా. ఇంట్లో పెద్దవాళ్లు గానీ చిన్నపిల్లలు గానీ ఉంటే జారడం అనేది అన్నిటికన్నా పైన రాయాల్సిన విషయం. ఈ కాగితం చేతిలో ఉంటే సేల్స్‌మన్ ఏం చూపించినా మీకు కావాల్సింది మీకు తెలుస్తుంది.

ఏది ఎక్కడ పనికొస్తుంది

ఎక్కువ ఇళ్లకి సరిపోయేది విట్రిఫైడ్ టైల్. మట్టి, ఫెల్డ్‌స్పార్, సిలికా లాంటివి కలిపి బాగా ఎక్కువ వేడిలో కాల్చడం వల్ల లోపల గాజులా గట్టిపడుతుంది, నీళ్లు దాదాపుగా పీల్చదు. దాని బరువులో 0.5 శాతం కన్నా ఎక్కువ నీళ్లు పీల్చకూడదన్నది దీనికి పెట్టుకున్న లెక్క. గోడకి వేసే మామూలు సిరామిక్ టైల్ 10 శాతం దాటి పీలుస్తుంది, అందుకే గోడ టైల్ చవగ్గా దొరికిందని నేలకి వేయకండి, బరువు పడితే పగిలిపోతుంది. అనుమానం వస్తే షాపులోనే టైల్ వెనకవైపు నాలుగు చుక్కల నీళ్లు వేసి ఐదు నిమిషాలు ఆగండి. చుక్కలు అలాగే నిలబడితే విట్రిఫైడ్, ఇంకిపోయి మరక కనబడితే కాదు.

విట్రిఫైడ్‌లోనూ రకాలున్నాయి, ఇక్కడే చాలామంది తికమకపడతారు. ఫుల్ బాడీ అంటే పైనుంచి కిందిదాకా ఒకటే రంగు, అంచు పెచ్చు లేచినా పెద్దగా కనపడదు. డబుల్ చార్జ్‌లో పైన మూడు నాలుగు మిల్లీమీటర్ల మందాన రంగు పొర ఉంటుంది, నడక ఎక్కువ ఉండే హాలుకి మంచిది, కాకపోతే డిజైన్లు తక్కువ. గ్లేజ్డ్ విట్రిఫైడ్‌లో డిజైన్ అంతా పైన పల్చటి పొరలో ప్రింట్ చేసి ఉంటుంది, పాలరాయిలా, చెక్కలా ఏ రూపంలో కావాలన్నా దొరుకుతుంది, కానీ గీత పడితే, పెచ్చు లేస్తే కింది రంగు బయటపడుతుంది. గ్లేజ్డ్ తీసుకుంటే అరుగుదల తట్టుకునే గ్రేడ్ అడగండి. దాన్ని పీఈఐ అంటారు, 0 నుంచి 5 దాకా ఉంటుంది. పడకగదికి 3 చాలు, హాలుకీ వంటింటికీ 4 అడగండి.

జారుడుకి కూడా ఆర్ అనే గ్రేడ్ ఉంది, ఆర్9 నుంచి ఆర్13 దాకా. అంకె పెరిగేకొద్దీ పట్టు పెరుగుతుంది. నిజానికి ఇది బూట్లు వేసుకుని నడిచే పని ప్రదేశాల కోసం చేసే పరీక్ష, ఉత్త కాళ్లకి ఏ, బీ, సీ అని వేరే వరస ఉంది, స్నానాల గదికి అందులో బీ అడగడం మేలు. ఈ అంకెలన్నిటికన్నా నాకు నమ్మకమైన పద్ధతి ఒకటుంది: శాంపిల్ ముక్క ఇంటికి తెచ్చుకుని, నేలమీద కదలకుండా పెట్టి, సబ్బునీళ్లు పోసి, పక్కన గోడ పట్టుకుని పాదంతో రుద్ది చూడండి. రెండు మూడు ముక్కలు పక్కపక్కనే పెట్టి చూస్తే తేడా కాలికే తెలిసిపోతుంది. మరీ గరుకుది తీసుకుంటే మురికి పట్టి కడగడం కష్టమవుతుంది, అదీ గుర్తుంచుకోండి.

గ్రానైట్ గట్టిది, గీతలు త్వరగా పడవు, మెట్లకీ, వంటింటికీ, గుమ్మం బయటకీ దిగులు లేకుండా వేసుకోవచ్చు. మార్బుల్ అందం వేరు, ఒప్పుకుంటాను, కానీ అది కాల్షియం కార్బొనేట్, ఆమ్లం తగిలితే చాలు తినేస్తుంది. నిమ్మరసం పడి పది నిమిషాలు తుడవకపోతే అక్కడ మెరుపు పోయి పాలిపోయిన మచ్చ మిగులుతుంది, ఎంత తుడిచినా పోదు, మళ్లీ పాలిష్ పట్టాల్సిందే. బాత్‌రూం కడిగే యాసిడ్ దాని దరిదాపులకి కూడా రాకూడదు. మార్బుల్ కావాలంటే తప్పకుండా వేసుకోండి, కానీ ఈ సంరక్షణకి సిద్ధపడి వేసుకోండి, వంటింట్లో మాత్రం వద్దు. రాయి ఏదైనా శాంపిల్ చూసి ఆర్డర్ ఇవ్వకండి, మీకు వచ్చే పలకల్నే చూసి, వరస నంబర్లు వేయించుకోండి. ఒకే గదికి ఒకే దిమ్మ నుంచి కోసిన పలకలు వస్తేనే గీతలూ రంగూ కలుస్తాయి.

చెక్కలాంటి నేల కావాలంటే మూడు దారులు. అసలు చెక్క తేమకి ఉబ్బుతుంది, పొడికి కుంచించుకుపోతుంది, కానీ గీకి మళ్లీ పాలిష్ చేసుకోవచ్చు. లామినేట్ లోపల ఉండేది నొక్కి చేసిన చెక్కపొడి బోర్డు, పైన అచ్చు వేసిన కాగితం, దానిమీద రక్షణ పొర. ఇంటికి అరుగుదల గ్రేడ్ ఏసీ3 లేదా ఏసీ4 ఉన్నది తీసుకోండి, నీళ్లు నిలిస్తే అంచులు ఉబ్బి మళ్లీ సర్దుకోవు. మూడోది వినైల్ పలకలు, వాటిలో రాతిపొడి కలిపిన గట్టి రకాన్ని ఎస్‌పీసీ అంటారు, నీళ్లకి బెదరదు. కానీ పెద్ద కిటికీలోంచి నేరుగా ఎండ పడేచోట వినైల్ బాగా వేడెక్కి వ్యాకోచిస్తుంది, అలాంటి గదికి టైలే నయం.

ఎన్ని డబ్బాలు కావాలో మీరే లెక్కేసుకోండి

ఉదాహరణకి 12 అడుగుల వెడల్పు, 14 అడుగుల పొడవు గది అనుకుందాం. 168 చదరపు అడుగులు. రెండడుగుల టైల్ అంటే నాలుగు చదరపు అడుగులు కదా అని 42 టైల్స్ అనుకుంటారు. అక్కడే పొరపాటు. రెండడుగుల టైల్ అని పిలిచేది చాలావరకు 600 మిల్లీమీటర్లే, అంటే రెండడుగులకి కొంచెం తక్కువ, ఒక్కోటి వచ్చేది సుమారు 3.87 చదరపు అడుగులు. కాబట్టి 44 కావాలి. కోతల్లో పోయేదానికీ పగిలేదానికీ 10 శాతం కలిపితే 48. మూలకి మూల ఏటవాలుగా వేయిస్తే 15 శాతం కలపాలి.

తర్వాత స్కర్టింగ్. గది చుట్టుకొలత 52 అడుగులు, తలుపు మూడడుగులు తీసేస్తే 49. నాలుగంగుళాల పట్టీలు అదే టైల్‌లోంచి కోస్తే ఒక్కో టైల్‌కి ఐదు నిండు పట్టీలు వస్తాయి, ఆరోది బ్లేడు మందం తినేయడం వల్ల సన్నబడుతుంది. 25 పట్టీలు కావాలి కాబట్టి ఐదు టైల్స్. మొత్తం 53, డబ్బాకి నాలుగు చొప్పున 14 డబ్బాలు. అన్నీ ఒకేసారి కొనండి, ఎందుకంటే తర్వాత తెచ్చే నాలుగు డబ్బాలు వేరే బ్యాచ్‌వి అయితే రంగు కలవదు.

సరుకు దిగగానే ప్రతి డబ్బా మీద షేడ్ నంబరు, బ్యాచ్, సైజు గుర్తు చూడండి. అన్నీ ఒకటే అయ్యుండాలి, ఒక్క డబ్బా తేడా వచ్చినా అక్కడికక్కడే వెనక్కి పంపండి. తర్వాత రెండు టైల్స్ తీసి ముఖానికి ముఖం ఆనించి పట్టుకుని అంచు నుంచి చూడండి, మధ్యలో వెలుతురు కనబడినా, అంచుల్లో ఊగినా ఆ టైల్ వంపు తిరిగిందని అర్థం. పెద్ద సైజు టైల్స్‌లో కొద్దిపాటి వంపు మామూలే, కానీ ఎక్కువుంటే ఏ మేస్త్రీ వేసినా అంచులు కాలికి తగులుతాయి.

లెవెల్ కుదుర్చుకోవడం, దీనికి ఒక రోజు పూర్తిగా కేటాయించండి

ఇల్లంతా ఒకే లెవెల్ గీత గోడల మీద కొట్టించండి. నీళ్లు నింపిన ట్యూబుతో గానీ లేజర్‌తో గానీ, నేలకి మూడడుగుల పైన అన్ని గదుల్లో, మెట్ల దగ్గర, బాల్కనీ గుమ్మం దగ్గర కూడా. ఆ గీత నుంచి కిందికి కొలుస్తూ పోతే మీ స్లాబ్ ఎక్కడ ఎత్తుందో ఎక్కడ పల్లముందో బయటపడుతుంది. ఎక్కువ ఎత్తున్న చోటు నుంచే ఫ్లోరింగ్ మందం లెక్క మొదలవ్వాలి.

గదిగదికీ వేరే రకం వేస్తుంటే ఈ లెక్క ఇంకా ముఖ్యం. హాల్లో 18 మిల్లీమీటర్ల గ్రానైట్, కింద 40 మిల్లీమీటర్ల మాలు (సిమెంటు, ఇసుక కలిపిన ముద్ద), మొత్తం 58. పక్క గదిలో 8 మిల్లీమీటర్ల లామినేట్, కింద 2 మిల్లీమీటర్ల ఫోమ్, మొత్తం 10. రెండూ గుమ్మం దగ్గర సమంగా కలవాలంటే లామినేట్ గదిలో ముందే 48 మిల్లీమీటర్ల సిమెంటు గచ్చు పోసి ఆరనివ్వాలి. ఈ మాట లామినేట్ పరిచే రోజు గుర్తొస్తే గుమ్మంలో రెండంగుళాల మెట్టు మిగిలిపోతుంది.

బాత్‌రూం నేల గది నేల కన్నా కనీసం అరంగుళం దిగువన ఉండాలి, బాల్కనీ కూడా అంతే. తలుపులు ముందే బిగించేసి ఉంటే, పూర్తయిన నేల మీద కింది అంచు తిరుగుతుందో లేదో ఒక టైల్ ముక్కా, దాని కింద మాలు మందమంత చెక్కముక్కా పెట్టి తలుపు తెరిచి చూడండి.

మెట్ల సంగతి ఎవరూ చెప్పరు, నేను చెబుతాను. కాంక్రీటు మెట్లన్నీ ఆరంగుళాల ఎత్తున సమంగా పోశారనుకోండి. మెట్ల మీద రాయి, మాలు కలిపి ఒక అంగుళం, కింద హాల్లోనూ పై అంతస్తులోనూ ఫ్లోరింగ్ రెండంగుళాలు. అప్పుడు మొదటి మెట్టు ఐదంగుళాలకి తగ్గిపోతుంది, చివరి మెట్టు ఏడంగుళాలకి పెరుగుతుంది. మధ్య మెట్లు మాత్రం ఆరే. మన కాలు అన్ని మెట్లూ ఒకే ఎత్తని నమ్మి లేస్తుంది, దిగుతుంది, ఆ ఒక్క అంగుళం దగ్గరే తడబడి పడతారు. మెట్ల మీద మందం, నేల మీద మందం ఒకటే ఉండేలా చూసుకోండి, లేదా కాంక్రీటు పోసేటప్పుడే ఆ తేడా సర్దించండి.

కింద తేమ ఆరిందా

కొత్త ఇంట్లో ఉన్నంత నీరు పాత ఇంట్లో ఉండదు. స్లాబ్, గచ్చు, ప్లాస్టరింగ్ అన్నీ నీళ్లతో చేసినవే. గచ్చు ఆరడానికి అంగుళం మందానికి సుమారు నెల అని ఒక మోటు లెక్క, గాలి ఆడకపోతే ఇంకా ఎక్కువే పడుతుంది. పైన పొడిగా కనిపించడం చూసి మోసపోకండి. అడుగున్నర చదరం ప్లాస్టిక్ షీటు నేలమీద పరిచి నాలుగు పక్కలా టేపుతో గాలి పోకుండా అంటించి ఒక రోజు వదిలేయండి. మర్నాడు షీటు అడుగున నీటి చుక్కలు కనిపించినా, ఆ మేర కాంక్రీటు ముదురు రంగుకి తిరిగినా లోపల ఇంకా తేమ ఉన్నట్టే. టైల్స్‌కి కొంత తేమ ఉన్నా నడుస్తుంది, చెక్క, లామినేట్, వినైల్‌కి మాత్రం అస్సలు కుదరదు, కింద బూజు పడుతుంది, పలకలు వంకర తిరుగుతాయి. నేలకి ఆనుకున్న కింది అంతస్తులో తేమ మట్టిలోంచి కూడా పైకి వస్తూనే ఉంటుంది, అక్కడ చెక్క రకాలు వేస్తుంటే కింద మందపాటి పాలిథిన్ షీటు తప్పనిసరి.

బాత్‌రూంలో టైల్ కింద వాటర్‌ప్రూఫింగ్ వేయించాక తొందరపడకండి. నీళ్లు బయటికి పోయే ఫ్లోర్ ట్రాప్‌ని గుడ్డ, ప్లాస్టిక్ కుక్కి మూసేసి, నేలంతా రెండంగుళాల నీళ్లు నిలబెట్టి, గోడ మీద నీటి మట్టం దగ్గర పెన్సిల్‌తో గీత పెట్టి 24 గంటలు వదిలేయండి. మర్నాడు గీతా చూడండి, కింది అంతస్తు సీలింగూ చూడండి. టైల్ నీటిని ఆపుతుందని చాలామంది అనుకుంటారు, కానీ టైల్స్ మధ్య సందుల్లో నింపే గ్రౌట్ గీతల్లోంచి నీళ్లు దిగుతూనే ఉంటాయి, ఆపేది కింది పొరే. వాటం కూడా ఈ దశలోనే ఇవ్వాలి, ట్రాప్ వైపుకి అడుగుకి పావంగుళం చొప్పున. పోశాక ఒక చెంబు నీళ్లు మూల మూలా పోసి చూడండి, ఎక్కడా నిలవకూడదు.

ఇంకో చిన్న పని. నేలలో పోయే కరెంటు పైపులూ నీళ్ల పైపులూ మూసేయకముందు టేపు పక్కన పెట్టి ఫోటోలు తీసుకోండి. పదేళ్ల తర్వాత నేలలో ఎక్కడ డ్రిల్ వేయకూడదో ఆ ఫోటోలే చెబుతాయి.

పరిచే రోజు

ప్లాస్టరింగ్, సీలింగ్ పని, మొదటి కోటు లప్పం అయిపోయాకే నేల మొదలుపెట్టండి, పైనుంచి పడే మాలు, నీళ్లు, చెత్త అన్నీ ముందే అయిపోతాయి. స్లాబ్ మీద రాలిన లప్పం, రంగు, నూనె మరకలు గీకించి, ఊడ్పించి, తడిగుడ్డతో తుడిపించండి. మాలు నూనె మీద పట్టదు, దుమ్ము మీద అసలే పట్టదు.

గది మధ్య గీతలు కొట్టుకోండి. గోడలు ఎప్పుడూ నిండు మూలమట్టంలో ఉండవు, కాబట్టి గోడని నమ్మకుండా 3, 4, 5 పద్ధతి వాడండి: ఒక గీత మీద మూడడుగులు, అడ్డ గీత మీద నాలుగడుగులు గుర్తు పెడితే, ఆ రెండు గుర్తుల మధ్య దూరం సరిగ్గా ఐదడుగులు రావాలి. ఆ తర్వాత మాలు లేకుండానే రెండు వరసలు అడ్డంగా నిలువుగా పరిచి చూడండి. గోడ దగ్గర రెండంగుళాల సన్న ముక్క మిగులుతోందంటే వరసని సగం టైల్ జరపండి, అప్పుడు రెండు వైపులా సగానికి పైన ముక్కలు వస్తాయి. ముక్కలు తప్పనప్పుడు మంచం, బీరువా కిందికి పోయేలా చూసుకోండి, గుమ్మంలో అడుగు పెట్టగానే కనిపించేవి నిండు టైల్స్ అయ్యుండాలి. చెక్క డిజైన్ పొడవాటి టైల్స్‌ని ఇటుకల్లా సగం సగం మార్చి వేయకండి, వాటికి మధ్యలో వంపు ఉంటుంది కాబట్టి ఒకదాని నడుము పక్కదాని చివరకి తగిలి ఎత్తుపల్లాలు కనిపిస్తాయి. మూడో వంతు మాత్రమే జరపాలి.

ఇక అంటించడం. పాత పద్ధతిలో మాలు పరిచి, పైన సిమెంట్ పాలు పోసి టైల్ పెడతారు. రాయికీ, నీళ్లు పీల్చే పాత రకం టైల్స్‌కీ అది బాగానే పనిచేసేది, ఎందుకంటే సిమెంట్ పాలు ఆ సన్న రంధ్రాల్లోకి ఇంకి పట్టుకుంటాయి. విట్రిఫైడ్‌లో రంధ్రాలు దాదాపు లేవు, మా హాల్లో జరిగింది అదే. దానికి పాలిమర్ కలిసిన టైల్ అడ్హెసివ్ (టైల్ అంటించే జిగురు పొడి) వాడాలి. విట్రిఫైడ్ టైల్స్‌ని నీళ్లలో నానబెట్టే అలవాటున్న మేస్త్రీ అయితే వద్దని మర్యాదగా చెప్పండి, ఉపయోగం లేదు, పైగా తడి వెనకవైపు అడ్హెసివ్ పట్టు తగ్గుతుంది. చేయాల్సింది ఒక్కటే, తడి స్పాంజితో వెనకున్న తెల్ల పొడి తుడిచి ఆరనివ్వడం. ఈ ఒక్క పని చేయించడానికి నేను మిగతా ఇంట్లో రెండు రోజులు పక్కనే కూర్చున్నాను, ఇన్నేళ్లలో అక్కడ ఒక్క టైల్ కదల్లేదు.

అడ్హెసివ్ వాడాలంటే కింద గచ్చు చదునుగా ఉండాలి. రెండు మీటర్ల తిన్నని పట్టీ నేలమీద పెడితే దాని కింద 3 మిల్లీమీటర్ల కన్నా సందు కనపడకూడదు, ఉంటే ముందే లెవెలింగ్ చేయించండి. అడ్హెసివ్ పొడిలో సిమెంటు గానీ ఇసుక గానీ కలపకూడదు, సంచి మీద రాసినన్ని నీళ్లే పోయాలి, కలిపి ఐదు పది నిమిషాలు ఆగి మళ్లీ కలపాలి. గట్టిపడ్డాక మళ్లీ నీళ్లు పోసి వాడితే పట్టు ఉండదు. పళ్ల తాపీతో గీతలన్నీ ఒకే దిక్కుకి లాగాలి, పెద్ద టైల్స్ అయితే టైల్ వెనక కూడా పల్చగా పూయాలి. నాలుగు మూలలా, మధ్యలో ముద్దలు పెట్టి టైల్ అతికించే పద్ధతిని అస్సలు ఒప్పుకోకండి. ముద్దల మధ్య ఖాళీలో గాలే ఉంటుంది, బరువైన మంచం కాలు సరిగ్గా అక్కడ పడితే టైల్ చిట్లుతుంది. మొదటి టైల్ పెట్టి నొక్కాక వెంటనే ఊడదీసి తిరగేసి చూడండి. పొడి గదుల్లో కనీసం 80 శాతం, బాత్‌రూంలో 95 శాతం వెనకభాగం నిండి ఉండాలి. మధ్య మధ్యలో ఇంకో రెండు మూడు ఇలా తీసి చూపించమనండి, మంచి మేస్త్రీ ఎవరూ దీనికి ఏమీ అనుకోరు.

మార్బుల్ అయితే లేత రంగు వాటి కింద మామూలు సిమెంటు వద్దు, రంగు పైకి లాగి మచ్చలు పడతాయి, తెల్ల సిమెంటు గానీ తెల్ల అడ్హెసివ్ గానీ వాడాలి. వెనక ఫైబర్ వల అంటించి వచ్చే పలకలుంటాయి, ఆ జిగురు మీద సిమెంటు పట్టదు, వాటికి ఏ అడ్హెసివ్ వాడాలో రాయి అమ్మేవాళ్లనే అడిగి రాయించుకోండి.

టైల్స్ వేరు వేరు డబ్బాల్లోంచి కలిపి తీయమనండి. వెనక బాణం గుర్తులుంటే అన్నీ ఒకే దిక్కుకి ఉండాలి. టైల్‌కీ టైల్‌కీ మధ్య స్పేసర్ (సందు సమంగా ఉంచే చిన్న ప్లాస్టిక్ ముక్క) తప్పనిసరి, అంచులు మిషన్ మీద కోసిన టైల్స్‌కి 2 మిల్లీమీటర్లు, మిగతావాటికి 3. గోడ చుట్టూ 6 మిల్లీమీటర్ల సందు వదలాలి, అందులో మాలు నింపకూడదు, పైన స్కర్టింగ్ కప్పేస్తుంది. పొడవాటి హాలైతే 20, 25 అడుగులకి ఒకచోట సాగే సీలెంట్‌తో నింపిన గీత ఉండాలి, నేరుగా ఎండ పడే బాల్కనీలో, డాబా మీద 8 నుంచి 12 అడుగులకే కావాలి. వేడికి టైల్ సాగుతుంది, సాగడానికి చోటు లేకపోతే పైకే లేస్తుంది. లెవెలింగ్ క్లిప్పులు పెడితే అంచులు సమంగా వస్తాయి, పెద్ద టైల్స్‌కి వాటిని అడగండి.

గ్రౌట్, ఆ తర్వాత

24 గంటలు ఎవరూ అడుగు పెట్టకూడదు. తర్వాత రూపాయి నాణెంతోనో చెక్క సుత్తితోనో ప్రతి టైల్ నాలుగు మూలలా, మధ్యలో తట్టుకుంటూ వెళ్లండి. నిండుగా ఉన్నచోట ఒక శబ్దం వస్తుంది, బోలుగా ఉన్నచోట డొల్ల మోగినట్టు వస్తుంది, నాలుగు టైల్స్ తట్టేసరికి మీ చెవికి అలవాటైపోతుంది. డొల్లగా ఉన్నవాటి మీద సుద్దతో గుర్తు పెట్టి, గ్రౌట్ వేయకముందే మార్పించండి. గ్రౌట్ వేశాక మార్చాలంటే పక్క టైల్స్ అంచులు దెబ్బతింటాయి.

గదులకి సిమెంట్ గ్రౌట్ సరిపోతుంది, బాత్‌రూంకీ వంటింటికీ ఎపాక్సీ అనే రెసిన్ గ్రౌట్ మంచిది, మరక పట్టదు. కాకపోతే ఎపాక్సీ త్వరగా బిగుస్తుంది కాబట్టి కొంచెం కొంచెం కలుపుకుని, పూసిన వెంటనే స్పాంజితో తుడుచుకుంటూ పోవాలి, ఆరాక టైల్ మీది మరక వదలదు. రంగు టైల్ కన్నా ఒక ఛాయ ముదురు తీసుకోండి, తెల్ల గ్రౌట్ నడిచే దారిలో కొద్ది నెలల్లోనే నల్లబడుతుంది. నేల గోడ కలిసే మూలల్లో గ్రౌట్ వద్దు, సిలికాన్ వేయించండి, గ్రౌట్ అక్కడ చిట్లిపోతుంది. చివర్లో శుభ్రం చేయడానికి యాసిడ్ పోస్తానంటే ఆపండి, సిమెంట్ గ్రౌట్‌ని తినేస్తుంది.

లామినేట్, క్లిక్ వినైల్ (ఒకదానిలో ఒకటి బిగించే పలకలు) అయితే పని తేలిక. డబ్బాలు అదే గదిలో రెండు రోజులు పడుకోబెట్టి ఉంచండి, కింద ఫోమ్ పరవండి, గోడల చుట్టూ 8 నుంచి 10 మిల్లీమీటర్ల సందు వదలండి, పక్క పక్క వరసల్లో అతుకులు అడుగు దూరంగా ఉండేలా వేయండి. వాటి మీద బీరువాని మేకులతో స్క్రూలతో నేలకి బిగించకండి, ఆ నేల మొత్తం కదలడానికి వీలుగా ఉండాలి.

ఇంకా పెయింటర్లు, కార్పెంటర్లు రావాల్సి ఉంటే నేలంతా మందపాటి అట్టలు పరిచి, అట్టకీ అట్టకీ మాత్రమే టేపు వేయండి, మార్బుల్ మీద టేపు అంటిస్తే దాని జిగురు మచ్చ మిగిలిపోతుంది. అట్టల కింద ఇసుక రేణువులు లేకుండా ముందే ఊడ్చండి, నిచ్చెన కాలు కింద ఒక్క రేణువు చాలు గీత పడటానికి. అన్నీ అయ్యాక మిగిలిన టైల్స్ పారేయకండి, ఒక డబ్బా నిండా నిలబెట్టి దాచి, డబ్బా మీది షేడ్ నంబరూ బ్యాచ్ నంబరూ ఫోటో తీసి, పైపుల ఫోటోల పక్కనే పెట్టుకోండి.